కొలత తీసి కుట్టిన సంచి

(వార్షిక సమావేశంలో మా కుట్టు కేంద్రం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

 

కుట్టు కేంద్రం వంతు వచ్చినప్పుడు ఎంతమంది నేర్చుకున్నారు, ఎన్ని మిషన్లు పంచాం అని చదవడం మనకు అలవాటు. ఈసారి మాకిచ్చిన సమయాన్ని ఒక్క సంచి గురించి చెప్పడానికి వాడుకుంటాం. ఆ సంచి ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. భుజం మీదుగా అడ్డంగా వేసుకొనే సంచి. వెడల్పు 15 ఇంచులు, ఎత్తు 11, పక్క మందం 4. దీన్ని కుట్టడం పెద్ద విద్యేమీ కాదు. నెల రోజులు మిషను తొక్కిన పిల్ల కూడా కుట్టగలదు. మాకు అసలు పాఠం నేర్పింది దీనికి తోడుగా కుట్టే చిన్న చిన్న వస్తువులు: ఫోను జేబు, పెన్నుల పట్టీ, భుజం మెత్త, సీసా తొడుగు, వాన తొడుగు. వాటి గురించే మాట్లాడతాం. చివర్లో మీ నుంచి ఏం కోరుతున్నామో చెబుతాం.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద దేశమంతటా నిషేధం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు కూడా వాడకూడదన్నారు. ఇక బట్ట సంచులకు గిరాకీ పెరుగుతుంది, మన ఆడవాళ్లకు పని దొరుకుతుంది అనుకున్నాం. మీరిచ్చిన మిషన్లు ఉండనే ఉన్నాయి. ఒకే కొలతతో, ఒకే రంగుతో వరుసపెట్టి కుట్టేశాం. కూరగాయల సంచులు కొన్ని, భుజం సంచులు కొన్ని. మీలో చాలామంది కొన్నారు. మంచి మనసుతో కొన్నారు. కానీ రెండోసారి ఎవరూ అడగలేదు. మిగిలినవి బీరువాలో ఉండిపోయాయి. కొన్నింటిని చదువుకొనే పిల్లలకు ఉచితంగా ఇచ్చి, ఫొటో తీయించుకొని, పని అయిపోయిందనుకున్నాం.

కొన్ని నెలల తర్వాత, ఆదిలాబాద్‌లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి మా కేంద్రానికి వేరే పని మీద వచ్చింది. భుజాన మా సంచే ఉంది. పట్టీ కుదురు దగ్గర గోనె సంచులు కుట్టే పురికొసతో పెద్ద పెద్ద కుట్లు వేసి ఉన్నాయి. ఏమైందమ్మా అని అడిగితే మొదట చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. బస్సు దిగుతుంటే పట్టీ ఊడిపోయిందట. టిఫిన్ డబ్బా, పుస్తకాలు, హాల్‌టికెట్టు అన్నీ బస్టాండు బురదలో పడ్డాయట. వాళ్లమ్మ ఇంట్లో ఉన్న పురికొసతోనే కుట్టిందట. మరి మా దగ్గరికి ఎందుకు తేలేదని అడిగాం. ఆ పిల్ల తల వంచుకొని, "ఆపా, ఊరికే ఇచ్చిన దాన్ని మంచిగ లేదని ఎట్ల చెప్పాలె?" అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. డబ్బు పెట్టి కొన్నవారైతే దుకాణానికి వెళ్లి నిలదీస్తారు. దానంగా తీసుకున్నవారు నోరు విప్పలేరు. అందుకే మన పనిలోని లోపాలు మన కంటికి కనబడకుండా పోతాయి. మనం పంచిన సంచుల్లో ఇంకా ఎన్నింటికి పురికొస కుట్లు పడ్డాయో అని ఆ రోజంతా ఆలోచించాం.

మరునాడు ఆ సంచిని విప్పి చూశాం. తప్పు పిల్లది కాదు, మాదే. పట్టీకి నూలు నవారు వాడి, దాని కొసను మడవకుండా అలాగే కుట్టులోకి దూర్చాం. ఒకే ఒక వరుస కుట్టు వేశాం. జాకెట్లకు వాడే నూలు దారం, 14 నంబరు సూది. బరువు పడేకొద్దీ నవారు పోగులు ఒక్కొక్కటే జారి బయటికి వచ్చేశాయి.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. కాన్వాసు గుడ్డను కత్తిరించే ముందు ఒకసారి నీళ్లలో తడిపి ఆరబెడతాం. కుంచించుకుపోయేదేదో అప్పుడే పోతుంది. కాన్వాసుకు 16 నంబరు సూది, నవారు పొరలు కలిసే చోట 18 నంబరు, దారం పాలిస్టర్‌ది. నూలు నవారైతే కొసను రెండు మడతలు లోపలికి తిప్పుతాం. నైలాన్‌దైతే కొవ్వొత్తి మంట మీద కొసను కరిగిస్తాం. పట్టీ సంచిని పట్టుకొనే చోట నలువైపులా చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేస్తాం. పొరలు మందంగా ఉన్న చోట కాలితో తొక్కకుండా చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేస్తాం. కుట్టిన ప్రతి సంచిలో రెండు ఇటుకలు వేసి రాత్రంతా కొక్కేనికి వేలాడదీస్తాం. ఉదయానికి కుట్టు కదలకుండా ఉంటేనే అది కేంద్రం గడప దాటుతుంది.

గట్టిదనం సంగతి అలా తేలింది. అయితే రెండోసారి ఎందుకు అడగలేదన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు కోసం ఈ రకం సంచి ఎవరి కోసం పుట్టిందో చూడాలి. 1950లలో అమెరికాలో కరెంటు స్తంభాలు ఎక్కే లైన్‌మన్ల కోసం న్యూయార్క్‌లో ఇటువంటి కాన్వాసు సంచులు కుట్టారు. రెండు చేతులూ స్తంభం మీద ఉండాలి, పనిముట్లు మాత్రం చేతికి అందుతూ ఉండాలి. తర్వాత సైకిళ్ల మీద ఉత్తరాలు, కాగితాలు చేరవేసేవారు దాన్ని తమ సంచి చేసుకున్నారు. మనకూ ఇది కొత్తది కాదు. ఆర్టీసీ కండక్టరు భుజాన వేలాడిన తోలు సంచి, పోస్ట్‌మన్ ఖాకీ సంచి మనం చిన్నప్పటి నుంచి చూసినవే. మన చేలలో పత్తి ఏరే ఆడవాళ్లు నడుముకు కట్టుకొనే ఒడి కూడా ఆ అవసరం నుంచి పుట్టిందే. చేతులు పనిలో ఉండాలి, సామాను ఒంటి మీద ఉండాలి. అంటే ఈ సంచి మొదటి నుంచీ ఒక పనికోసం, ఆ పని చేసే మనిషికోసం కుట్టినది. మేమేమో ఎవరి పనీ అడగకుండా, ఎవరి కొలతా తీయకుండా కుట్టాం.

ఇప్పుడు సంచి కావాలని ఎవరైనా వస్తే మొదట టేపు తీయం. "రోజూ వెంట తీసుకుపోయేవన్నీ ఈ బల్ల మీద పెట్టండి" అంటాం. ఫోను, కళ్లజోడు, తాళాలు, పెన్ను, మందుల పట్టీ, నీళ్ల సీసా, చార్జరు వైరు. కొందరు సిగ్గుపడతారు, కొందరు నవ్వుతారు. అన్నీ పెట్టాక, వీటిలో మాటిమాటికీ దేన్ని తీస్తారని అడుగుతాం. ఏ చేత్తో తీస్తారని అడుగుతాం. బండి మీద పోతారా, బస్సులో పోతారా, నడిచిపోతారా అని అడుగుతాం. ఆ తర్వాతే టేపు.

ఫోను జేబుతో మొదలుపెడదాం. ఫోను వెడల్పు కొలిచి ఆ కొలతకే గుడ్డ కత్తిరిస్తే ఫోను దూరదు. మేం అలా రెండు మూడు పాడు చేశాం. ఫోనుకు మందం కూడా ఉందన్న సంగతి మరిచిపోతాం. వెనక కవరుతో కలిపి వెడల్పు 3 ఇంచులు, మందం అర ఇంచు అనుకోండి. రెండూ కలిపితే మూడున్నర. సులభంగా జారడానికి పావు ఇంచు. రెండు పక్కల కుట్టుకు అర ఇంచు చొప్పున ఒక ఇంచు. మొత్తం 4¾ ఇంచుల వెడల్పున్న రెండు ముక్కలు కావాలి. ఈ జేబును సంచి లోపల కుట్టం, పట్టీ మీద ఛాతీకి దగ్గరగా తగిలిస్తాం. వెనకాల రెండు గుడ్డ కొంకీలు పెట్టి, వాటిలోంచి నవారు పోనిస్తే కావలసినంత పైకో కిందికో జరుపుకోవచ్చు. ఫోను మారితే సంచి మార్చనక్కరలేదు, జేబు మారిస్తే చాలు.

పెన్నుల పట్టీలో కూడా ఇదే లెక్క. అర ఇంచు లావున్న పెన్నుకు ముప్పావు ఇంచు ఎడంతో గీతలు కుడితే పెన్ను బిగుసుకుపోతుంది. ఒక ఇంచు వదలాలి. కటింగ్ ప్లేయరు లాంటి లావు పనిముట్టుకైతే గుడ్డకు అడుగున చిన్న కుచ్చు పెట్టి కుట్టాలి. నీళ్ల సీసాకు టేపును చుట్టూ తిప్పి కొలవడమే మంచిది. చుట్టుకొలత 11 ఇంచులైతే, వదులుకు ఒకటి, కుట్టుకు ఒకటి కలిపి 13. పైన నాడా పెట్టే మడత, అడుగున గుండ్రటి ముక్క. మన ఇళ్లలో పాన్‌దాన్ పక్కన ఉండే వక్కల బటువా గుర్తుంది కదా, దాని నాడా ఎలా బిగుసుకుంటుందో ఇదీ అంతే. మా ఖాలాలకు ఇది నేర్పనక్కరలేకపోయింది. వాళ్లే మాకు నేర్పారు.

భుజం మెత్త గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకటిన్నర ఇంచు నవారు మీద పుస్తకాల బరువంతా పడితే సాయంత్రానికి భుజం మీద ఎర్రటి గీత పడుతుంది. 11 ఇంచుల పొడవు, 3 ఇంచుల వెడల్పున మెత్త కుట్టి నవారుకు తొడిగితే ఆ బరువు పరుచుకుంటుంది. లోపల ఫోము పెట్టవచ్చు. ఫోమును మిషను మీద కుట్టేటప్పుడు అది కింద పట్టుకొని కదలదు. అడుగున వార్తాపత్రిక ముక్క పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తే సరి. ఫోము దొరకకపోతే పాత ఉన్ని కంబళి రెండు పొరలు పెట్టి బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా చేతికుట్టు వేస్తాం. చెమట తగిలే వైపు నూలు గుడ్డ ఉండాలి. అంచుకు వెల్క్రో పెడితే విప్పి ఉతుక్కోవచ్చు.

మన ప్రాంతంలో వానాకాలం ఎలా ఉంటుందో పొచ్చెర జలపాతాన్ని చూసిన మీకు చెప్పాలా? వాన తొడుగుకు కొత్త గుడ్డ కొనడం లేదు. విరిగిపోయిన గొడుగు చాలు. ఊచలు తీసేస్తే ఎనిమిది ముక్కలు కలిపి కుట్టిన మంచి గుడ్డ చేతికి వస్తుంది. ఈ సంచికి 27 ఇంచులు, 23 ఇంచుల ముక్క కావాలి. మూలలు గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి, లోపల ఎలాస్టిక్ పోనిస్తాం. కుట్ల మీద కొవ్వొత్తి రుద్దితే నీరు కొంతవరకు ఆగుతుంది. మడిచి పెడితే గుప్పిట్లో పడుతుంది. ఇక మక్తబ్‌కు పోయే పిల్లల సంచిలో మరో చిన్న వస్తువు ఉంటుంది. ఖుర్ఆన్‌కు ఇళ్లలో జుజ్‌దాన్ కుట్టడం మన ఆడవాళ్ల చేతికి పాత అలవాటు. ఆ పద్ధతిలోనే సిపారాకు చిన్న జుజ్‌దాన్ కుట్టి, సంచి లోపల పై భాగాన కాజా, బొత్తాముతో నిలబెడతాం. టిఫిన్ డబ్బా అడుగున, సిపారా పైన. పిల్లలకు మళ్లీ మళ్లీ చెప్పే పని తప్పింది.

ఇలా కుట్టడం మొదలుపెట్టాక మా బల్ల చుట్టూ రకరకాల మనుషులు చేరారు. ఒక ఆశా కార్యకర్త వచ్చి, సంచి లోపల అంతా నల్లగా ఉంటే మాత్రల పట్టీలు కనబడవు, అస్తరు తెల్లది వేయండి అన్నారు. అంత చిన్న సంగతి మాకు ఎన్నడూ తట్టలేదు. ఊళ్లు తిరిగి పత్తి కొనే ఒక చిన్న వ్యాపారి చీటీలకు ఒక జేబు, డబ్బుకు వీపు వైపు కనబడని జిప్పు జేబు అడిగారు. ఒక లైన్‌మన్ తన ప్లేయరు మొన ఏ గుడ్డనైనా చింపేస్తుందన్నారు. పాత జీన్స్ రెండు పొరలు వేసి కుట్టిచ్చాం.

అందరికన్నా ఎక్కువగా గుర్తుండిపోయినవారు ఒక పెద్దమనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పనిచేయదు. ఆయన దగ్గర మంచి కంపెనీ సంచే ఉంది. కానీ దాని బకిల్ తీయడానికి రెండు చేతులు కావాలి. బజారులో ఏదైనా కొనాలన్నా సంచి తెరవమని పక్కవారిని అడగాలి, వాళ్ల ముందే డబ్బు తీయాలి. ఆయనకు కొత్త సంచి కుట్టలేదు. బకిల్ తీసేసి, మూతకు వెడల్పాటి వెల్క్రో వేసి, పట్టుకొని లాగడానికి నాలుగు వేళ్లు దూరే గుడ్డ కొంకీ కుట్టాం. డబ్బు జేబును ఎడమ చేతికి అందేలా మార్చాం. తాళాలకు పొట్టి నవారు ముక్క పెట్టి, కొసకు కుక్క గొలుసుకు ఉండే కొక్కెం లాంటిది తగిలించాం. ఒక పూట పని. ఆయన ఎడమ చేత్తో సంచి తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, మాకు ఇవ్వవలసిన డబ్బు తానే లెక్కపెట్టి ఇచ్చారు. తీసుకోబోమన్నాం. "తీసుకోకపోతే రేపు బాగు చేయమని ఎట్లా వస్తాను?" అన్నారు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన మాటలో దొరికింది. డబ్బిచ్చిన మనిషికి మళ్లీ వచ్చే హక్కు ఉంటుంది. డబ్బివ్వలేని మనిషికి ఆ హక్కును మనం ముందే రాసివ్వాలి. అందుకే ఇప్పుడు ఉచితంగా ఇచ్చే సంచి లోపల కూడా ఒక చిన్న గుడ్డ ముక్క కుడుతున్నాం. దాని మీద ఇలా ఉంటుంది: "కుట్టు ఊడితే తీసుకురండి. బాగు చేసి ఇవ్వడం మా బాధ్యత." పురికొస కుట్ల సంచిని మేం పారేయలేదు. ఆ పిల్లకు ఆమె కొలతలతో వేరే సంచి కుట్టిచ్చి, పాతదాన్ని కేంద్రంలో గోడకు తగిలించుకున్నాం. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవారికి మొదట దాన్నే చూపిస్తాం.

ఇప్పుడు లెక్కల మాట. మొదట్లో గుడ్డ, దారం, జిప్పు, రన్నరు ధరలు రాసి, మిగిలితే కూలీ అనేవాళ్లం. మిగిలేది కాదు. సేవే కదా అని కుట్టే ఆడవాళ్లకు నచ్చచెప్పేవాళ్లం. ఇంట్లో పొయ్యి వెలగని ఆమెతో సేవ చేయించుకోవడం ఎంత తప్పో ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు కాగితం మీద మొదటి గీత కూలీదే. జేబు కుట్టడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాస్తాం. ఆ తర్వాతే సామాను. జకాత్, సదఖా సొమ్ముకు ఒక పుస్తకం, ఆర్డర్ల సొమ్ముకు వేరే పుస్తకం పెట్టాం. మీరు సంచి కొంటే అది కొనుగోలు, జకాత్ కాదు. ఆ రెండూ కలిస్తే మీకూ సందేహమే, మాకూ ఇబ్బందే.

దాతలారా, మీరిచ్చిన మిషన్లు మాకు చాలా విలువైనవి. ప్రభుత్వ మైనారిటీ ఆర్థిక సంస్థ ద్వారా కూడా మన రాష్ట్రంలో ఎందరో మహిళలకు మిషన్లు అందాయి. అయినా కొన్ని ఇళ్లలో ఆ మిషన్ల మీద గుడ్డ కప్పి, పైన బట్టల మూటలు పెట్టి ఉండడం మీరూ చూసే ఉంటారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు బద్ధకస్తులు కారు. కుట్టమని అడిగేవారు లేరు. పండక్కి నాలుగు జతలు, పెళ్లిళ్ల కాలంలో నాలుగు జాకెట్లు. మిగతా నెలల్లో మిషను ఖాళీ. ఈ చిన్న వస్తువుల పని ఆ ఖాళీ నెలల్లో తిరిగే పని. గజం గుడ్డ అక్కరలేదు, దర్జీ దుకాణాల్లో ఊడ్చి పారేసే కత్రన్ ముక్కలతో ఫోను జేబు అవుతుంది.

అందుకే ఈ ఏడాది మిమ్మల్ని కోరేవి నాలుగే. ఒకటి, ఇప్పటికే మీ దగ్గరున్న సంచి ఏదైనా సరే తీసుకొని ఒకసారి మా బల్ల దగ్గరికి రండి. దానిలో మీకు ఏం ఇబ్బందిగా ఉందో చెప్పండి. రెండు, పాత జీన్స్, విరిగిన గొడుగులు, మంచాల నుంచి విప్పిన నవారు పారేయకండి, మాకు పంపండి. మూడు, కొత్త మిషను ఇవ్వాలనుకున్నవారు ముందు పాత మిషన్ల బాగుకు, సూదులకు, నూనెకు ఇవ్వండి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. మేం కుట్టింది బాగా లేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. "పాపం, పేదవాళ్లు కుట్టారు" అని ఊరుకోకండి. ఆ జాలి మా పని నేర్చుకోనివ్వదు.

సభ ముగిశాక మేం గుమ్మం పక్కన టేపు పట్టుకొని కూర్చుంటాం. జేబుల్లో ఉన్నవి బల్ల మీద పెట్టడానికి సిగ్గుపడకండి. మీరు చేసిన సాయాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. మా చేతుల పనిలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.